ఇంట్లో అందరికంటే చిన్న చెయ్యి

పొదుపు గురించి ఎవరైనా గొప్పగా చెప్పడం మొదలుపెడితే నాకు ఆవులింతలు వస్తాయి. పొదుపు చేసి చేసి అలసిపోయిన ఇంట్లో పెరిగినదాన్ని నేను. మా అమ్మ అగ్గిపుల్ల గీసేముందు నన్ను పక్కింటికి తోలేది, వాళ్ళ పొయ్యిలో నిప్పుందేమో చూసి రమ్మని. ఉంటే ఒక పెంకు మీద రెండు నిప్పులు వేయించుకొని, చెయ్యి కాలుతుంటే ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటూ పరిగెత్తుకొచ్చేదాన్ని. అలా మిగిలిన అగ్గిపుల్లలతో మేమేం మేడలు కట్టలేదు.

అవి యుద్ధం రోజులు. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతోందని నాయిన అనేవాడు. అమీర్‌పేటలో మేం సరుకులు కొనే కిరాణా కొట్టు దాకా వచ్చేసిందని అమ్మ అనేది. నాయిన పంజాగుట్టలో ఒక నవాబుగారి బంగళాలో బావర్చీ. పొద్దున్నే తోటల పక్క బాటన నడిచి వెళ్ళి, ఇరవైమందికి నెయ్యి తేలే కూరలు వండిపెట్టి, ఇంటికొచ్చి అమ్మ కాచిన చారు ముందు కూర్చునేవాడు. ఆ చారులో చింతపండు అంతకుముందు రోజు ఒకసారి పిసికినదే.

"గిది చారా, చేతులు కడిగిన నీళ్ళా?" అనేవాడు.

"బంగళాల వాసనలు చూసొచ్చినవు గద, ఇంట్ల నోరు మూసుకొని తిను," అనేది అమ్మ.

చాయపత్తాను రెండుసార్లు మరిగించడం, సబ్బు మాని చౌడుమట్టితో బట్టలుతకడం, దీపం వెలిగించే పని లేకుండా పొద్దుండగానే తినేయడం, అన్నీ అయిపోయాయి. పోపులో నూనె వేయడం కూడా మానేసి, నూనెలో ముంచిన గుడ్డపీలికతో మూకుడు తుడిచేది. ఇక తగ్గించడానికి ఇంట్లో ఏం మిగిలిందని చూస్తే, పొయ్యి పక్కన గూట్లో దేవుని ముంత కనబడింది.

ఆ ముంత సంగతి చెప్పాలి. మా క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసినప్పుడల్లా, కడగకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేవాళ్ళు. నెలకొక ఆదివారం ముంత గుడికి, అంటే చర్చికి, తీసుకెళ్ళి పెద్ద గంపలో కుమ్మరించేవాళ్ళు. ఆ బియ్యమంతా ఆ నెల సంఘంలో ఎవరింట్లో కష్టముంటే వాళ్ళింటికి పోయేది. యుద్ధానికి ముందు ఒకసారి ఆ బియ్యం ఒక ముసలామె ఇంటికి పోతుంటే అమ్మ చూసిందట. గోనె బస్తా నిండా ఉంటే, ఇద్దరు మగవాళ్ళు చెరోవైపు పట్టుకొని మోశారట. అది చెప్పినప్పుడల్లా అమ్మ మొహం వెలిగిపోయేది.

రేషన్ వచ్చాక బియ్యం సగమైంది, మిగతా సగం జొన్నలిచ్చారు. అమ్మ రెండుపూటల వంటను ఒక్కపూట చేసింది. కట్టెలు ఆదా అంది గానీ, రెండు పిడికిళ్ళు ఒక పిడికిలయ్యాయి. అదీ సరిపోలేదు. అప్పుడొకరోజు బియ్యం చేటలో పోసి నన్ను పిలిచింది.

"ఇటు రా బిడ్డా. ఇయ్యాల్టి నుంచి దేవుని పిడికెడు నువ్వే తియ్యి."

నాకు ఏడేళ్ళు. పొంగిపోయాను. తనుండగా, నాయిన ఉండగా నన్నే పిలిచిందంటే నాలో ఏదో భక్తి కనబడిందనుకున్నాను. రోజూ చేతులు కడుక్కొని, కళ్ళు మూసుకొని, ప్రార్థన చేసి మరీ తీసేదాన్ని. పక్కింటి పిల్లలకు కూడా గొప్పలు చెప్పుకున్నాను.

ఏడాదిన్నర ఆ వైభోగం సాగింది. ఒకరోజు నేను పిడికెడు తీసి ముంతలో వేస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. మర్నాడు చెల్లెను పిలిచింది. దానికి నాలుగేళ్ళు, ముక్కు తుడుచుకోవడం కూడా రాదు.

"నా చేతికేమైంది?" అన్నాను.

"పెద్దగైంది."

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నా భక్తి కాదు, నా వేళ్ళ పొడవు చూసిందన్నమాట! "దేవునికి తెల్వదా?" అన్నాను గట్టిగా.

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చేట పక్కన పెట్టి, తలకు చెయ్యి ఆనించుకొని, "తెలుసు బిడ్డా. నాకు సుత తెలుసు. మరి ఏం జెయ్యాలె?" అంది.

గుడిలో ముంత కుమ్మరించేటప్పుడు అమ్మ గంపకు అడ్డంగా నిలబడి, కొంగు చాటు పెట్టుకొని, గబుక్కున వంచేసి వచ్చేసేది. మిగతా ఆడవాళ్ళు కూడా కొంగు చాటు చేసుకునే పోసేవాళ్ళు. అది మర్యాద కాబోలనుకున్నాను.

ఆ వానాకాలంలోనే ఒకరోజు నాయిన మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు.

"రేపటి నుంచి రావద్దన్నరు," అన్నాడు. "బంగళాల ఖర్చు తగ్గించుకుంటున్నరంట. ఇద్దరు బావర్చీలు ఎందుకన్నది బేగంసాబ్."

"నీ వెనకాల పనిల చేరినోడు ఉన్నడు గద, వాన్ని తియ్యొచ్చు గద?"

"వాని జీతం తక్కువ."

ఖర్చు ఎలా తగ్గిస్తారో అమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాయిన తెచ్చిన ఆఖరి జీతం ఇంటి కిరాయికీ, వచ్చే రేషన్‌కూ సరి. ఆ రేషన్ ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. డబ్బాలో మూడు రోజుల బియ్యం ఉంది. జొన్నలు అడుగంటాయి. మిగతా ఆరు రోజులు ఎలా గడపాలన్నదే మా ఇంట్లో మాట. నాయిన యూసుఫ్‌గూడ వైపు పని వెతుక్కుంటూ తిరిగి, కాళ్ళకు బురదతో వట్టి చేతులతో వచ్చేవాడు.

నెలకొకసారి ముంత తీసుకెళ్ళే ఆదివారం ఆ మధ్యలోనే వచ్చింది. అమ్మ ముంత మీది మూత తీసి చాలాసేపు లోపలికి చూసింది. "మనకే లేవు గదనే, వండెయ్యి," అన్నాడు నాయిన. నేనూ అదే అన్నాను. అమ్మ మూత పెట్టేసి ముంత చంకలో పెట్టుకొని గుడికి నడిచింది. ఆ మొండితనం చూసి నాకు ఏడుపొచ్చింది.

గుడిలో పాస్టరు అయ్యగారు నాయిన పని పోయిన సంగతి ప్రార్థనలో పైకి చెప్పారు. అమ్మ తల ఎత్తలేదు. బయటికొచ్చాక అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆమె, అమ్మ చెయ్యి పట్టుకొని, "ఈ నెల గంప మీ ఇంటికే చెల్లె. రేపు నేనే తెస్త. ఏం ఫికర్ జెయ్యకు," అంది.

దారంతా అమ్మ మాకంటే ముందు గబగబా నడిచింది. ఇచ్చే చేతుల్లోంచి పుచ్చుకునే చేతుల్లోకి వచ్చామని ఆమెకు సిగ్గు. కానీ ఇంటికి రాగానే అటకమీది పెద్ద కుండ దింపింది. కడిగి, ఎండలో బోర్లించింది. బస్తా వస్తే పోసుకోవడానికి. "నలభై ఇండ్ల పిడికిళ్ళు," అంది నాయినతో. "తొమ్మిది దినాలు ఏంది, నెల ఎల్తది." చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. నాయిన మర్నాడు పొద్దుటినుంచీ గుమ్మంలోనే కూర్చున్నాడు, బస్తా వస్తే ఓ చెయ్యి వేద్దామని.

అమ్మగారు ఒక్కతే నడిచి వచ్చింది. చంకలో ఒక దిండుగలీబు ఉంది. దాని మూతి తాడుతో కట్టి ఉంది. సగం కూడా నిండలేదు.

నాయిన లేచి, ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని వీధి చివరిదాకా చూశాడు.

అమ్మ గలీబు విప్పింది. లావు బియ్యం, నూకలు, ఎర్ర బియ్యం, మధ్యలో జొన్నలు, అన్నీ కలిసి ఉన్నాయి. చేత్తో కదిపి చూసి, "అమ్మగారూ, అందరివా గివి?" అంది.

"అందరివే. నలభై ఇండ్లయి."

అమ్మగారు గుమ్మం మీదే కూర్చుండిపోయింది. పక్కన నిలబడి బొటనవేలు చీకుతున్న చెల్లె చెయ్యి పట్టుకొని, ఆ చిన్న పిడికిలి మూసి, తెరిచి, "మీ ఇంట్ల ఇది తీస్తదా?" అంది.

అమ్మ మొహం నల్లబడిపోయింది. అబద్ధం చెప్పలేదు. "అవునమ్మగారూ," అంది.

"మా ఇంట్ల మా చిన్న బిడ్డ తీస్తది," అంది అమ్మగారు. "మూడేండ్లు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు ఏడ్చారో నాకు గుర్తులేదు. గుడిలో గంప చుట్టూ అందరి కొంగులూ ఎందుకు అడ్డం పెట్టుకునేవాళ్ళో అప్పుడు తెలిసింది.

అమ్మగారు వెళ్ళాక అమ్మ ఎండలోని కుండను లోపలికి తెచ్చి మళ్ళీ అటకమీద పెట్టింది. దాని అవసరం రాలేదు. ఆ పూటకు బియ్యం చేటలో పోసి, అలవాటు ప్రకారం, "రా బిడ్డా," అని చెల్లెను పిలిచింది. అది చెయ్యి చాచుకుంటూ వచ్చింది.

"ఆగు," అంది అమ్మ. "నువ్వు వద్దు."

తన చెయ్యే పెట్టింది. వేళ్ళు బాగా విప్పి, లోతుకు పోనిచ్చి, పిడికిలి సందుల్లోంచి గింజలు రాలేంత నిండుగా తీసి దేవుని ముంతలో వేసింది. చెల్లె తన పని పోయిందని ఏడుపు అందుకుంది.

"గంత ఎందుకే!" అన్నాడు నాయిన.

"వచ్చే నెల ఎవరి ఇల్లో," అంది అమ్మ.

ఆ బియ్యం సరిగా ఉడకలేదు. కొన్ని గింజలు మెత్తబడితే కొన్ని పలుకుగానే ఉన్నాయి. అప్పుడు నాకు అమ్మ మీద గౌరవమేమీ కలగలేదు, నిజం చెప్తున్నాను. ఆ పిడికెడు నా ముద్దేనని నాకు తెలుసు. మూడోసారి అన్నం అడిగితే అమ్మ గిన్నె వంచి చూపించింది. ఆమె తన కంచం అసలు పెట్టుకోనే లేదు.