పరాయి చేలో పరిగె

కూర్చుంటే నా కాళ్ళు నొప్పి పెడతాయి, నడిస్తే తగ్గుతాయి. ఈ మాట చెబితే డాక్టరూ నవ్వాడు, నా కొడుకూ నవ్వాడు. మెల్బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మాది కొత్త కాలనీ. వీధి పొడవునా ఒకే రంగు గోడలు, ఒకే రకం గరాజ్ తలుపులు. పొద్దున్నే కొడుకూ కోడలూ పనులకు వెళ్ళిపోతే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప మరొకటి ఉండదు. నాకది పడదు. తాళంచెవి కొంగున ముడేసుకుని, వాగు పక్క దారిలో నడిచి వచ్చేదాన్ని.

ఒకనాడు తిరిగి వస్తూ ఒక వీధి ముందే మలుపు తిరిగాను. అదే గోడ, అదే తలుపు. తాళంచెవి పెడితే తిరగలేదు. తాళం పట్టేసిందనుకుని గట్టిగా తిప్పాను, భుజంతో తలుపు నెట్టాను కూడా. లోపలున్న ఆడమనిషి భయపడి పోలీసులను పిలిచింది. వాళ్ళు మర్యాదస్తులే. కారులో తెచ్చి మా గుమ్మం ముందే దింపారు. కానీ అది సాయంత్రం వేళ, మా వీధి తెలుగువాళ్ళంతా ఆఫీసుల నుంచి వచ్చి కార్లు దిగుతున్నారు. నా కొడుక్కి తల కొట్టేసినట్టయింది.

"ఇక నువ్వు ఒక్కదానివే గడప దాటొద్దమ్మా. వీకెండ్ నేనే తీసుకెళ్తా."

"వారానికోసారి విప్పి తిప్పడానికి నేనేమన్నా దూడనట్రా?"

మాటకు మాట అన్నానే గాని, తాళంచెవి వాడి చేతిలో పెట్టక తప్పలేదు. ఆ తర్వాత పగలంతా వంటింటి నుంచి ముందు గదికి, ముందు గది నుంచి వంటింటికి తిరిగేదాన్ని. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని.

అలాంటప్పుడు ఫ్రాన్సు సంగతి వచ్చింది. మా కోడలు ఆసుపత్రిలో డాక్టరు. తనూ, తనతో పనిచేసే ఒకామే కలిసి అక్కడ నడకకు వెళ్ళాలని ముందే డబ్బు కట్టుకున్నారు. నది పక్కన చదును నేల మీద, పాత ఊళ్ళ మీదుగా తీరిగ్గా నడవడం, చీకటి పడితే ఒక ఊళ్ళో పడుకోవడం, అంతే. పెట్టెలు వ్యానులో వెళ్ళిపోతాయట. చేతులూపుకుంటూ నడవడానికి ఎవరైనా డబ్బు కడతారా అని నేననుకున్నాను. చివరి నిమిషంలో ఆ స్నేహితురాలికి వీలు కాలేదు.

"ఆమె కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరా?" అని అడిగాను.

"నో రిఫండ్ అత్తయ్యా. పేరు మాత్రం మార్చుకోవచ్చట."

"అయితే నేనొస్తా."

"విమానం టికెట్ వేరే కొనాలి కదమ్మా, అది ఇంకా ఎక్కువ," అన్నాడు కొడుకు. నేను వినిపించనట్టు ఊరుకున్నాను.

వాడు చాలాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టాడు. "సరే, వెళ్ళు. అక్కడ ఏ గొడవా లేకుండా నడిచొచ్చావంటే నీ తాళంచెవి నీకిచ్చేస్తా. తప్పిపోయావంటే మాత్రం మళ్ళీ ఆ మాట ఎత్తొద్దు." కోడలి వైపు తిరిగి, "నువ్వే సాక్షి," అన్నాడు. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ నది పేరు నాకు నోరు తిరగదు. నీళ్ళకంటే ఇసుక తిన్నెలే ఎక్కువ. పక్కనే ఎత్తైన గట్టు, గట్టు కింద కనుచూపు మేర చేలు. మా దివిసీమలాగే ఎక్కడా మిట్ట లేదు. మెల్బోర్న్‌లో చలి తగ్గే రోజుల్లో అక్కడ కోతలు సాగుతున్నాయి. ఊరు ఊరికీ తెల్లరాతి ఇళ్ళు, నల్ల పలకల కప్పులు, నడుమ ఒక చర్చి. మధ్యాహ్నం కాగానే ఊరంతా కిటికీలు మూసుకునేది. సోమవారం రొట్టెల కొట్టు కూడా తీయరని మాకేం తెలుసు? ఆ పూట నేను తెచ్చిన అటుకులే దిక్కయ్యాయి. ప్రతి ఊళ్ళోనూ యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉండేది. ఆ అక్షరాలు నాకు రావు. కానీ ఒకే పేరు ఒకదాని కింద ఒకటి చెక్కి ఉంటే, ఒకే ఇంటివాళ్ళని తెలుస్తుంది కదా. ఆ రాళ్ళ దగ్గర మాత్రం నేను కూడా ఆగేదాన్ని.

మా కోడలు అన్నిచోట్లా ఆగేది. ప్రతి గోడకూ ఒక బోర్డు, ప్రతి బోర్డుకూ ఒక చరిత్ర.

"నడవడానికొచ్చి నిలబడతావేంటమ్మాయ్?"

"ఇది ఆరొందల ఏళ్ళ ఇల్లు అత్తయ్యా! ఒక్క నిమిషం చూడండి."

"చూశాను. పద."

"మీరసలు ఎంజాయ్ చేయట్లేదు. ఎవరో తరుముతున్నట్టు నడుస్తారు."

ఒక ఊళ్ళో కాలువ ఒడ్డున పెంకుల పంచ కింద వాలుగా పరిచిన బండలు కనిపించాయి. ఎవరూ చెప్పక్కర్లేదు, అది చాకిరేవని నాకు తెలిసిపోయింది. నా మేజోళ్ళు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని ఉతకడం మొదలుపెట్టాను. "అత్తయ్యా, అది హెరిటేజ్ సైట్!" అంటూ మా కోడలు నాలుగు దిక్కులూ చూసింది. అంత మంచి బండలు పెట్టుకుని ఎండబెట్టుకోవడమేంటి? అటుగా వచ్చిన ముసలి దంపతులు మాత్రం నన్ను ఫొటో తీసుకుని వెళ్ళారు.

ఇక గట్టు దిగిన సంగతి. ఆ రోజు మా కోడలి మడమ బొబ్బెక్కింది. చర్చి ముందు బల్ల మీద కూర్చుని పట్టీ వేసుకుంటుంటే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మాటలు తెగలేదు. నేను ఆ బల్ల మీద కాసేపు కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. చివరికి, మెల్లగా ముందు నడుస్తుంటానని సైగ చేశాను. ఆమె ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "గట్టు మీదే ఉండండి. దిగొద్దు," అంది.

గట్టు మీదే నడిచాను. కొంత దూరం పోయాక, ఎత్తుగా పెరిగిన మొక్కజొన్న వెనకాల, బంగాళాదుంపలు తవ్వేసిన చేను కనిపించింది. ఇద్దరు ముసలివాళ్ళు బక్కెట్లతో వంగి ఏరుకుంటున్నారు. మిషను వదిలేసిన దుంపలవి. పరిగె!

వరి కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని మేం పరిగె అంటాం. చేను లేనివాళ్ళకు అదే పంట. మూడో తరగతిలో మా అమ్మ నన్ను బడి మాన్పించి పరిగెకే పంపింది. పక్కవాళ్ళ కంటే ముందు వంగాలి, కోసిన వరి మోదులు అరికాళ్ళకు గుచ్చుకున్నా ఆగకూడదు. పెళ్ళయి మాకంటూ చేను వచ్చాక కూడా, కోతలయ్యాక గట్టున నిలబడితే నా వేళ్ళు ఊరుకునేవి కావు.

దిగాను. ఆ ముసలామె నన్ను చూసి తల ఊపి, ఇంకో చాలు చూపించింది. వంగాక ఇంక నాకు లోకం లేదు. మట్టి మెత్తగా ఉంది, వేలు పెడితే దుంప తగులుతోంది. కోటు జేబులు నిండాయి, తర్వాత మెడలోని ఊలు శాలువ మూటయింది.

నేను మొక్కజొన్న చాటున ఉండగానే మా కోడలు గట్టు మీద నుంచి ముందుకు సాగిపోయింది. ఆమెకు నేను కనపడలేదు, నాకు ఆమె కనపడలేదు. నేను పైకెక్కి, ఆమె ఇంకా ఫోనులోనే ఉందనుకుని చర్చికి తిరిగి వెళ్ళాను. బల్ల ఖాళీగా ఉంది. నా ఫోను నేనే ఆపి పెట్టెలో పడేశాను, పరాయి దేశంలో ఎత్తితే బిల్లు పడుతుందని. ఇప్పుడది వ్యానులో వెళ్ళిపోయింది.

దారి నాకు తెలుసు. పక్క ఊరి చర్చి గోపురం అంత దూరాన కనపడుతూనే ఉంది. కానీ ఆ పిల్ల ఎక్కడుందో తెలియదు. ఆగాలా, నడవాలా? నాలుగు అడుగులు వేస్తాను, వెనక్కి చూస్తాను. ఆ మూట అప్పుడు రాయంత బరువైంది.

గట్టు మీద మా కోడలు ఎదురొచ్చింది. ఒక కాలు ఈడుస్తూ పరుగెత్తుతోంది, మొహమంతా కన్నీళ్ళు. పక్క ఊరిదాకా వెళ్ళి, నేను లేనని చూసి తిరిగొచ్చిందట.

"వేర్ వర్ యూ? ఎన్నిసార్లు అరిచానో తెలుసా? నదిలో పడిపోయారనుకున్నా!" ఆమె చూపు నా మూట మీద పడింది. "ఏంటవి?"

"దుంపలు."

"బంగాళాదుంపలా? పోలీసులకి ఫోన్ చేయబోయాను అత్తయ్యా! బంగాళాదుంపల కోసమా?"

పోలీసులన్న మాట వినగానే తాళంచెవి సంగతి గుర్తొచ్చింది. తనకూ గుర్తొచ్చి ఉంటుంది. మీ ఆయనకు చెప్పొద్దని ఒక్క మాట అంటే చాలేమో. అనలేదు. విషయం దాచమని ఒకరిని అడిగి, జన్మంతా వాళ్ళ మొహం చూస్తూ బతకడం నా వల్ల కాదు.

ఆ రాత్రి దిగిన ఇంటావిడ పొయ్యి ఇచ్చింది. వెంట తెచ్చుకున్న కారంతో వేపుడు చేశాను. మా కోడలు పళ్ళెం ఖాళీ చేసి లేచిపోయింది. మిగిలిన రోజులు నేను ఆమె వెనకే నడిచాను. ఆమె ఆగితే ఆగాను, బోర్డు చదువుతుంటే నిలబడ్డాను. పిక్కలు లాగేసేవి.

మెల్బోర్న్ ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే కారులో కొడుకు అడిగాడు. "ఎలా జరిగింది? అమ్మ ఎక్కడికీ పోలేదుగా?"

"పోయారు," అంది కోడలు. ఉన్నదంతా చెప్పింది. తను ఏడ్చిన సంగతి కూడా దాచలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"చూశావా? నేను చెప్పానా?" అన్నాడు వాడు.

"జరిగింది చెప్పాను. ఇంట్లో పెట్టి తాళం వేయమని చెప్పలేదు. లాస్ట్ ఫ్యూ డేస్ ఆమె నా వెనకాలే బుద్ధిగా నడిచారు. నేను చూడలేకపోయాను, తెలుసా? మనిషి సగమైపోయినట్టుంది."

"మళ్ళీ తప్పిపోతే?"

"ఫోన్ ఆన్‌లో పెట్టుకోవాలి. లొకేషన్ మనకి కనిపించాలి. దానికి ఆవిడ ఒప్పుకోవాలి." వెనక్కి తిరిగింది. "ఒప్పుకుంటారా అత్తయ్యా? మళ్ళీ ఆపేస్తే మాత్రం నేనే తాళంచెవి తీసుకుంటా."

నేను ఎక్కడున్నానో వాళ్ళ ఫోన్లో చుక్కలా కనపడుతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన కూడా నన్ను ఏనాడూ అంత కాపలా కాయలేదు. కానీ ఆ గట్టు మీద పరుగెత్తుకొచ్చిన మొహం కళ్ళ ముందుంది. "సరే," అన్నాను.

ఇప్పుడు తాళంచెవి మళ్ళీ కొంగున ముడేసుకుని, రోజూ పొద్దున్నే వాగు వెంట నడుస్తున్నాను. వంతెన దాకా వెళ్ళి తిరిగి రమ్మన్నారు. మొన్న వంతెన దాటాను. జేబులో ఫోను మోగింది.

"అమ్మా, ఎక్కడికెళ్తున్నావు?" కొడుకు, ఆఫీసు నుంచి.

"నీకు కనపడుతోందిగా."

"కనపడుతోంది. వంతెన అవతల ఏముంది?"

"తెలీదురా. చూసి చెప్తా."

ఫోను ఆపలేదు. జేబులో వేసుకుని ముందుకు నడిచాను.