వెల్డా అచ్చు పోసిన అడుగు

వెల్డా నైగార్డ్ తన ఉద్యోగకాలమంతా లూయిస్ నది ఒడ్డున ఉన్న కలప కోత మిల్లులో పలకలకు తరగతి కట్టింది. గొలుసు మీద పరుగెత్తుకొచ్చే ప్రతి పలకనూ తిరగేసి, కణుపు ఎంత, పగులు ఎంత, పుచ్చు ఎక్కడ అని ఒక్క చూపులో తేల్చి, సుద్దతో గుర్తు పెట్టి పంపేది. మిల్లు మూతబడినా ఆ చూపు ఆమెతోనే ఉండిపోయింది. అడవిలో మనిషిలా రెండు కాళ్ళ మీద తిరిగే పెద్ద పాదాల జీవి ఉందని నమ్మి వెతికే, ఊళ్ళోని బిగ్‌ఫుట్ అన్వేషకుల బృందంలో ఆమె చేరడంతో వాళ్ళకు కష్టాలు మొదలయ్యాయి.

శనివారం పొద్దున్నే పాన్‌కేకులు తిని కొండెక్కే బృందం అది. టైర్ల కొట్టు నడిపే లైల్ దానికి నాయకుడు. ఎవరైనా ఫొటో తెస్తే వెల్డా అది కాలిన మొద్దు అనేది. వెంట్రుకలు తెస్తే ఎల్క్ దుప్పివి అనేది. కేక రికార్డు చేసి తెస్తే రెండుసార్లు విని, గుడ్లగూబ అని తిరిగి ఇచ్చేది. లైల్ ఆమెకు ‘కాదమ్మ’ అని పేరు పెట్టాడు. అయినా ఆమెను పోనివ్వలేదు. మన కాదమ్మ ఒక్కసారి అవునందంటే ఇక లోకంలో ఎవడూ కాదనలేడని అందరితో అనేవాడు.

నిజానికి ఆ అవును అనాలన్న ఆశ బృందంలో అందరికంటే ఆమెకే ఎక్కువ. దానికి కారణం భర్త ఆర్విడ్.

పెళ్ళికి ముందు ఆర్విడ్ దుంగల లారీ నడిపేవాడు. మంచు కమ్మిన ఒక ఉదయం, కొండ మలుపులో, ఒక ఆకారం రెండు కాళ్ళ మీద దారి దాటుతూ ఆగి, అతని వైపు చూసి, అడవిలోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి అతను బారులో ఒక్కసారే చెప్పాడు. మర్నాటికల్లా ఎవరో వెక్కిరింపుగా కొయ్యతో పెద్ద బూటు చెక్కి, అతని లారీ బంపరుకు మేకులతో కొట్టేశారు. ఆర్విడ్ దాన్ని పీకలేదు. లారీ అమ్మేదాకా ఆ బూటుతోనే ఊరంతా తిరిగాడు. అలాంటి మనిషిని వెల్డా కోరి పెళ్ళాడింది. అయితే ఆ ఉదయం గురించి నమ్ముతాననీ అనలేదు, నమ్మననీ అనలేదు. తన చేతికి రాని పలకకు ఆమె గుర్తు పెట్టదు. ఆర్విడ్ కూడా ఏనాడూ అడగలేదు. ఈ ఆకురాలు కాలంలో, గుండె నీరసించి, ముక్కుకు గాలి గొట్టంతో కిటికీ పక్కన మంచం పట్టాక అడిగాడు.

“వెల్డా, నేను పోయేలోగా నీ నోటితో ఒక్కసారి అవునను. నా తృప్తి కోసం అనొద్దు. చూసొచ్చి అను.”

ఆ శనివారం పొరుగింటావిడను ఆర్విడ్ దగ్గర కూర్చోబెట్టి వెల్డా కొండకు బయలుదేరింది. వాన వల్ల మిగతావాళ్ళు రాలేదు. లైల్ వచ్చాడు గానీ మోకాళ్ళు మొరాయించడంతో దుంగల లారీల దారి చివర ట్రక్కులోనే ఉండిపోయాడు. ఆమె ఒక్కతే వీపుసంచిలో అచ్చు పోసే ప్లాస్టర్ పొడి, నడుముకు ఎలుగుల మీద చల్లే మిరప డబ్బా పెట్టుకుని పైకి నడిచింది. రాత్రి కురిసిన జల్లు ఆగిపోయింది. ఫర్ చెట్ల కొసలు మబ్బులోకి పోయి కనిపించడం లేదు. హకల్‌బెర్రీ పొదలు ఎర్రబారి, కింద నేలంతా కుంపటిలా మెరుస్తోంది.

బీవర్లనే నీటి జంతువులు కొమ్మలతో కట్ట కట్టిన మడుగు ఒడ్డున, బంకమట్టిలో, ఆమెకు అడుగు కనిపించింది.

ఒకటి కాదు, వరస. ఒక్కొక్కటి ఆమె బూటు పక్కన పెడితే దాదాపు రెండింతలు. అయిదు వేళ్ళు, వెడల్పాటి ముందు పాదం, పొడవైన మడమ. వెల్డా మోకాళ్ళ మీద కూర్చుని తన అలవాటు ప్రకారం కాదనడానికి కారణాలు వెతికింది. గోళ్ళ గుర్తులు లేవు. మనుషుల బూటు జాడలు దగ్గర్లో లేవు. ఎవరో కొయ్య పాదంతో అద్దారనుకుందామంటే ప్రతి అడుగులోనూ వేళ్ళు కొద్దిగా వేరుగా ఒదిగాయి. కారణాలన్నీ అయిపోయాయి. అన్నిటిలోకీ స్పష్టమైన అడుగులో ప్లాస్టర్ కలిపి పోసి, అది గట్టిపడేదాకా ఒక పడిపోయిన దేవదారు మాను వెనక కూర్చుంది. ఆర్విడ్‌కు అవునన్న మాట ఎలా చెప్పాలో మనసులోనే అప్పజెప్పుకోసాగింది.

అప్పుడు గాలి ఆగిపోయింది. మడుగు అవతల పొదలు విచ్చుకున్నాయి.

నల్ల ఎలుగుబంటి. అంతటిదాన్ని ఆమె తన జన్మలో చూడలేదు. వర్షాకాలపు మబ్బు నేల మీదికి దిగి నడిచొచ్చినట్టు, చప్పుడు లేకుండా, మడుగు చుట్టి అదే ఒడ్డు వెంట, అదే బంకమట్టిలో వచ్చింది. వెల్డా కళ్ళు అలవాటుగా దాని కాళ్ళ మీద పడ్డాయి. ముందరి పాదం పడిన చోటు నుంచి లేవగానే, అదే గుంటలో సగం దాకా వెనక పాదం వచ్చి పడుతోంది. రెండు అడుగులు కలిసి ఒకే పెద్ద అడుగు అవుతున్నాయి.

విషయం ఆమెకు తెలిసిపోయింది. కానీ తెలిసినందుకు బాధపడే వ్యవధి ఆమెకు దొరకలేదు. ఎలుగు ఆగి, ముక్కు ఎత్తి, వాసన పట్టి, నిలబడింది. ఇంటి తలుపుకంటే ఎత్తుగా, రెండు కాళ్ళ మీద, చేతులు వేలాడేసుకుని, తీరుబడిగా ఆమె వైపే చూసింది. దాని ఊపిరి చల్లగాలిలో పొగలా తేలింది. రొమ్ము మీద తెల్లని మచ్చ ఉంది. మిరప డబ్బా నడుముకు ఉందన్న సంగతే వెల్డాకు గుర్తు రాలేదు. ఆ చూపులో కోపం లేదు, భయం లేదు. అడవి తన లెక్కలో ఆమెను ఒక క్షణం చేర్చుకుని, చూసి, పక్కన పెట్టినట్టుంది. తర్వాత అది ముందు కాళ్ళు దించి, పొదల్లోకి వెళ్ళిపోయింది. ఒక్క కొమ్మ కూడా విరగలేదు.

వెల్డా చాలాసేపటికి లేచింది. పాత అడుగుకూ కొత్త అడుగుకూ పొడవు ఒకటే. కొత్తదాని నడుమ రెండు పాదాలు కలిసిన గీత, వేళ్ళ ముందు సన్నని గోళ్ళ గుర్తులు కనిపిస్తున్నాయి. పాతదాంట్లో ఆ గీతనూ గోళ్ళనూ రాత్రి జల్లు చెరిపేసింది.

ట్రక్కు దగ్గర లైల్ అచ్చును ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను చూసినట్టు చూశాడు. ఆమె జరిగింది చెప్పాక కూడా కిందపెట్టలేదు.

“ఎలుగు తర్వాత వచ్చింది. ఈ అడుగు అంతకుముందుది. దీన్నీ అదే వేసిందని నువ్వు చూశావా?”

“వెయ్యడం చూళ్ళేదు. పక్కపక్కన పెట్టి కొలిచా.”

“సరే, మాకు కాదనే చెప్పు, మాకు అలవాటే. ఆర్విడ్‌కి మాత్రం సగం చెప్పు, వెల్డా. అడుగు దొరికిందని చెప్పి ఊరుకో. ఎవరికి నష్టం?”

ఆమె అచ్చును తన ఒళ్ళోకి తీసుకుంది. అతను చెడ్డవాడు కాడు; ఆ మాట ప్రేమకొద్దీ అన్నదే. దారి పొడుగునా ఆమె ఆ మాటను మనసులో తిరగేసి తిరగేసి చూసింది. చూసొచ్చి అనమన్నాడు ఆర్విడ్. చూసినదాంట్లో సగం దాచి అనే అవును, అతను అడిగిన అవును కాదు.

ఇంట్లో ఆర్విడ్ మేలుకునే ఉన్నాడు. ఆమె ముఖం చూడగానే దిండు మీద లేచి కూర్చోవడానికి ప్రయత్నించాడు. వెల్డా అచ్చును అతని దుప్పటి మీద పెట్టి, ఏదీ దాచకుండా, అడుగు కనిపించడం నుంచి గీత కనిపించడం దాకా చెప్పింది. అతను అచ్చులో ఉబ్బెత్తుగా తేలిన వేళ్ళను ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు.

“నిలబడిందా?” అన్నాడు చివరికి.

“నిలబడింది.”

“భయమేసిందా?”

“భయపడాలని గుర్తే రాలేదు.”

ఆర్విడ్ తల ఊపాడు. “నాకూ అంతే. బ్రేకు మీద కాలు పెట్టి, తియ్యడం మర్చిపోయా.” కాసేపు ఊపిరి పోగుచేసుకున్నాడు. “కానీ నేను చూసినదానికి మూతి ముందుకి లేదు, వెల్డా. ముఖం మనిషిలా బల్లపరుపుగా ఉంది.”

“నేనక్కడ లేను, ఆర్విడ్. అది కాదని చెప్పే హక్కు నాకు లేదు, అవునని చెప్పే హక్కూ లేదు. కానీ ఒకటి మాత్రం ఇవాళ చూసొచ్చాను కాబట్టి చెప్తా. ఆ పొద్దున నీ ముందు ఏదో నిలబడింది. నిన్ను చూసింది. దానికి అవును.”

అతని కళ్ళు చెమర్చాయి. కొయ్య బూటు కొట్టిన వాళ్ళంతా ఇప్పుడు ఎక్కడున్నారోనని గొణిగి, నవ్వబోయి, దగ్గాడు. ఆమె నీళ్ళు తాగించింది.

“గాలి ఆగింది చూడు, అక్కణ్ణించి మళ్ళీ చెప్పు,” అన్నాడు. “తొందరపడకుండా చెప్పు.”

వెల్డా కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆర్విడ్ చెయ్యి అచ్చు మీదే ఉంచి కళ్ళు మూసుకున్నాడు. మడుగు అవతల పొదలు విచ్చుకున్నాయని ఆమె మొదలుపెట్టింది.