రాజమ్మ చెప్పని వాక్యం

ఆ ఆదివారం ప్రార్థనలో రాజమ్మ బైబిలు వాక్యం చెప్పాలి. జగిత్యాల నుంచి మొగుడి వెంట సూరత్ వచ్చి, అతను పోయాక అక్కడి డిండోలి వాడలో ఒంటిగదిలో ఉంటూ చీరల దారాలు కత్తిరించి బతుకుతోంది. తెలుగు ప్రార్థన కూటంలో అలాంటి మనిషి ముందుకొచ్చి మాట్లాడడం ఎన్నడూ లేదు. గొప్పవాడు కావాలనుకునేవాడు ముందు అందరికీ పనివాడు కావాలని ప్రభువు శిష్యులకు నేర్పిన సంగతే ఆమె అంశం. చదువు అంతంతమాత్రం గనుక ప్రతి మాటా నోటికి పట్టుకుంది.

ఇస్త్రీ చీర కట్టుకుని తాళం వేస్తుంటే పక్కగదిలోంచి మూలుగు వినబడింది. మరమగ్గాల మిల్లులో పనిచేసే రఘుపతి తల్లి, చిన్నవ్వ. తలుపు ముందు ఇరుగుపొరుగు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ముసలామెకు పొద్దుటి నుంచి విరేచనాలు. గది మూలన నీళ్లు పోసుకునే మోరీ దగ్గర జారిపడింది.

“కొడుక్కు ఫోన్ చెయ్యరాదుండ్రి?” అంది రాజమ్మ.

“సాంచెల చప్పుడుల ఫోన్ ఎట్ల ఇనబడ్తది? మా ఆయన బండి మీద జోల్వా మిల్లుకు పోయిండు, తోల్కరానికి,” అంది ఎదురింటి వినోద. “నువ్వు మాత్రం లోపలికి వోకు రాజక్కా. రఘుపతన్న ఏమన్నడో యాదికున్నదా?”

యాదికి లేకేం? మొన్న చిన్నవ్వకు జ్వరమొస్తే రాజమ్మ ఆమె తలమీద చేయిపెట్టి ప్రార్థన చేసింది. రఘుపతి వాడకట్టంతా వినేలా అరిచాడు. “మా అవ్వను మీ మతంల కలుపుతవా? ఇంకోసారి మా గడప తొక్కితె నీ గది ఖాళీ జేపిస్త!” ఇంటి యజమాని అతని మాట వింటాడు. ఈ గది పోతే ఒంటరి ఆడదానికి మరో గది ఎవరిస్తారు?

మళ్లీ మూలుగు. రాజమ్మ చెప్పులు విడిచి లోపలికి పోయింది.

జాలి కన్నా కోపమే ఎక్కువగా ఉంది ఆమెకు. “ఇయ్యాల్నే పడాల్నా అవ్వా!” అని గొణుగుతూ కుచ్చెళ్లు పైకి దోపింది. చిన్నవ్వను ఒళ్లో ఆనించుకుని మగ్గుతో నీళ్లు పోసింది.

“జర మెల్లగ రుద్దు పోరీ, నేనేమన్న మసిగిన్నెనా?” అంది చిన్నవ్వ పళ్లు బిగపట్టి.

“నోరు మంచిగనే ఉన్నది. బతుకుతవ్ తియ్యి.”

ఫోన్ మోగింది. ప్రార్థన కూటం నుంచి, రైల్వే ఆఫీసరుగారి భార్య ఛాయాదేవి. “ఎక్కడున్నావు రాజమ్మా? పాటలు అయిపోతున్నాయి. పోనీ, నీ బదులు నేను మాట్లాడనా?”

నోటికి పట్టిన మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. “మాట్లాడుండ్రి అమ్మా,” అని పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నవ్వ కోసం కాదు, తనకోసమే.

బయట బండి ఆగింది. గుసగుసలూ ఆగాయి. జుట్టునిండా దారపు నుసితో రఘుపతి గడపలో నిలబడ్డాడు.

“ఎవరు రమ్మన్నరు నిన్ను? మళ్ల ప్రార్థన షురూ జేసినవా?”

రాజమ్మ లేచి పోదామన్నా ఒళ్లో ముసలామె ఉంది.

“ప్రార్థన జేసే తీరిక యాడున్నది తమ్మీ? బకెట్ల నీళ్లైపోయినయ్, పట్టుకరా. ఆటో పిలవాలె, అవ్వకు నడుము వాచింది.”

అతను తల్లి వైపు చూశాడు.

“నా దిక్కేం జూస్తున్నవ్‌రా? నీళ్లు తే!” అంది చిన్నవ్వ.

రఘుపతి బకెట్ అందుకుని బయటికి పోయాడు.

“దేవతవే రాజక్కా,” అంది వినోద వాకిట్లోంచి. ఆ మాట రాజమ్మకు తియ్యగా తగిలింది. అలా తగిలినందుకు సిగ్గేసింది.

రఘుపతి నీళ్లు తెచ్చి పెట్టాడు. కుప్పగా పడున్న మురికి బట్టలు చూసి ముఖం తిప్పుకున్నాడు. రాజమ్మ వాటికోసం చేయి చాపబోయి ఆగింది. వాకిట్లో అందరూ తననే చూస్తున్నారు. ఇప్పుడు పిండితే ఆ పొగడ్త కోసమే అవుతుందనిపించింది.

“అవి నువ్వు పిండు తమ్మీ. నేను అవ్వకు చీరె కడ్త.”

అతను చొక్కా చేతులు మడిచి మోరీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తల్లి బట్టలు నీళ్లలో జాడిస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

“దవఖానకు నువ్వు గూడ వస్తవా అక్కా?”

“వస్త. ముందు గవి మంచిగ పిండు.”