దొరగారి వైద్యసేవ

ఒక కుక్క, ఒక లుంగీ, గుప్పెడు బిస్కెట్లు కలిస్తే మనిషి పరువు షామీర్‌పేట చెరువులో ఎంత లోతుకు దిగుతుందో కొలిచి చూసినవాణ్ణి నేను. రండి, మీకూ చూపిస్తాను.

నాలుగేళ్ల కిందట, మా దొరను థెరపీ డాగ్ చేయాలనే పురుగు నా బుర్రలో దూరింది. దొర అంటే మా లాబ్రడార్. కాకినాడ నుంచి బహదూర్‌పల్లికి మారినప్పుడు సామాన్ల లారీలో సగం వాడే. రోగి ఒళ్లో తల పెట్టి ధైర్యం చెప్పడమే థెరపీ డాగ్ ఉద్యోగం. షామీర్‌పేటలో ఒక ఆస్పత్రివాళ్లు అందుకు పరీక్ష పెడుతున్నారని తెలిసింది. పరీక్ష కాకముందే కాలనీ వాట్సాప్ గ్రూపులో "మన దొర ఎంపికయ్యాడు" అని పెట్టేశాను. దండాల బొమ్మలు కుప్పలు పడ్డాయి. ఇక ఫెయిలైతే ఇల్లు ఖాళీ చేయడమే.

శిక్షణ నేనే ఇచ్చాను. లుంగీ కట్టుకుని మంచం మీద చేరి "అమ్మా" అని మూలిగేవాణ్ణి. దొర వచ్చి ఒళ్లో తల పెట్టగానే, రొంటిన దోపుకున్న పొట్లంలోంచి బిస్కెట్ తీసి పెట్టేవాణ్ణి.

"ఆ బిస్కెట్లేవో డబ్బాలో పెట్టుకోవచ్చుగా," అంది మా ఆవిడ.

"రోగి పక్కన బిస్కెట్ల డబ్బా ఉంటుందిటే? సహజంగా ఉండాలి."

"మూలుగు మాత్రం సహజంగానే ఉంది. బజారుకెళ్లమన్నప్పుడల్లా వింటున్నదేగా."

నెల తిరిగేసరికి నేను "అ" అనేలోపే నా ఒళ్లో బస్తా పడ్డట్టు తల పడేది.

పరీక్ష రోజు, మార్కులు వేసే మేడమ్ ముందుగా ఒక చేతికర్ర దబ్బున పడేసింది. దొర కదల్లేదు. చక్రాల కుర్చీ తోక పక్కనుంచే పోనిచ్చింది. వాడు తపస్సులో ఉన్న మునిలా కూర్చున్నాడు. మేడమ్ టిక్కు మీద టిక్కు పెడుతోంది. నేను సన్మానం శాలువాకి రంగు ఎంచుకుంటున్నాను.

మిగిలింది ఒక్కటే, రోగి పక్కన ఐదు నిమిషాలు. మేడ్చల్ నుంచి వచ్చిన యాదగిరి తాత, షుగర్ వల్ల కాలి పుండు మానక చేరిన మనిషి, లుంగీతో మంచం మీద ఉన్నాడు. కాలు సర్దుకుంటూ "అమ్మా" అని మూలిగాడు.

దొర వెళ్లి ఒళ్లో తల పెట్టాడు. మేడమ్ నవ్వింది. దొర కాసేపు ఎదురుచూశాడు. ఎంతకీ బిస్కెట్ రాకపోయేసరికి తానే తీసుకుందామని తాత రొంటిలోకి మూతి దూర్చాడు.

"ఓ సారూ, గీ కుక్కేంది, నడుము తడుముతాంది?"

"కంగారుపడకండి, ప్రేమండీ."

"గీ ప్రేమకు నా లుంగి ఊడేటట్టున్నది. జర గుంజుకో."

నేను గొలుసు లాగాను. దొర లుంగీలోంచి ఒక పొట్లం లాగాడు. లుంగీ దక్కింది కానీ, పొట్లం విచ్చుకుని పల్లీపట్టీలు, ఒక బాదుషా నేలమీద దొర్లాయి. బాదుషాను దొర అక్కడికక్కడే మింగేశాడు.

నర్సు వచ్చి చూసింది. "ఏంది తాతా? షుగర్ దిగుతలేదని మేం మందుల మీద మందులు మారుస్తున్నం."

తాత నావైపు తిరిగాడు. "దీని పేరేంది సారూ?"

"దొర అండీ."

"అనుకున్న. దాసుకున్నది గుంజుకపాయె."

మేడమ్ టిక్కులన్నీ కొట్టేసి, కాగితం నా చేతిలో పెట్టింది. నర్సు మాత్రం దొర తల నిమిరి, "ఫెయిలైతే అయింది గానీ సారూ, వారానికోపారి తోలుకరాండ్రి. తక్కిన మంచాలు గూడ సూపియ్యాలె," అంది.

వార్డులో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా నడుముల మీద చేతులు వేసుకున్నారు.

కాలనీలో నేను చెప్పింది అబద్ధం కాలేదు. దొర ఎంపికయ్యాడు, శాఖ ఒక్కటే మారింది. నేను మాత్రం ఆ రోజే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ ప్రాణికీ, ఆఖరికి మా పెరటి కాకరపాదుకైనా సరే, ఎటు పాకాలో నేర్పబోను.