మామయ్య తోమిన గులకరాళ్లు

మా మామయ్యది లాండ్రీ షాపు. ఎవరి కాలరు మీద మరక కనిపించినా ఆయనకు ముద్ద దిగదు. అలాంటి మనిషి మేడ మీద చేపల తొట్టి పెట్టాడు. అందులోని నీళ్లు మోటారుతో గులకరాళ్ల ట్రేలోకి ఎక్కి, అక్కడి ఆకుకూరల వేళ్లను తడిపి, తేటపడి మళ్లీ తొట్టిలోకి దిగాలి. దిగేవి గానీ తేటపడేవి కావు.

ఆదివారం వచ్చిందంటే మామయ్య ఆ రాళ్లను బకెట్లో పోసి, పట్టిన జిగురంతా పోయేదాకా బ్రష్షుతో తోమేవాడు. రెండు రోజులకే నీళ్లు పాలు కలిపినట్టు అయ్యేవి. ఇంకా గట్టిగా తోమేవాడు. తిట్లు మాత్రం చేపలకీ, మోటారుకీ, దాన్ని అమ్మినవాడికీ.

"ఆ రాళ్ల జోలికెళ్లకండి. నీళ్లని బాగుచేసేది ఆ జిగురేనట" అనేది అత్తయ్య.

మామయ్య ఒంటికాలి మీద లేచేవాడు. "జిగురు మురికిని వదిలిస్తుందా? బట్టలుతికేవాడికి నువ్వా చెప్పేది?"

ఒకసారి నడుం పట్టేసి నెలరోజులు మేడ ఎక్కలేకపోయాడు. ఎక్కిన రోజున తొట్టి అడుగున చేపల నీడలు కూడా కనిపించాయి.

"ఏం వేశావిందులో?"

"ఏమీ వెయ్యలేదు. మీరు పైకి రాలేదు, అంతే."

మామయ్య ఆ తేట నీళ్లకేసి చూశాడు. మురికి నీళ్లని కూడా ఆయన ఎన్నడూ అంత కోపంగా చూడలేదు.