అంగుళం తక్కువ బట్ట

అప్పుడు సిరిసిల్లలో నా పని, మేము సాంచాలనే మరమగ్గాల మీదికి ఎక్కించే భీములనే పెద్ద రోలర్లకు నూలు చుట్టడం. ఐదో తరగతితో బడి మానేసినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. భీముకు నలభై పట్టీల నూలు చుట్టాలి. ఒక్కో పట్టీకి అంగుళం వెడల్పు బట్ట. పట్టీకో గీత గోడమీద సుద్దతో గీసేవాణ్ణి. లెక్క కుదిరితే నా బుర్ర గొప్పది. కుదరకపోతే తప్పు కరెంటుది, లేదంటే బందుది.

తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదున్న రోజులవి. జగిత్యాల ర్యాలీకి జెండాలు కుట్టే కోరుట్ల దర్జీ మా దగ్గర బట్ట నేయించాడు. తీసుకుపోయిన మర్నాడే బస్సులో తిరిగొచ్చి, తానును మా మగ్గాల యజమాని ఆసామి ముందు పడేశాడు.

“ఇరవై అంగుళాల జెండాలు పక్కపక్కన రెండు రావాలె. రెండోది కురచైతుంది. కురచ జెండా పట్టుకొని తెలంగాణ అడుగుమంటవా?”

వెడల్పుకు టేపు పెడితే ముప్పైతొమ్మిది.

ఆసామి ఆ బట్ట నేసిన పెద్దాయన వైపు తిరిగాడు. అరవై దాటిన ఆయన్ని మేమంతా కాకా అనేవాళ్లం.

“నీకు కండ్లు కనవడ్తలేవు. రేపటి సంది రాకు.”

“నిజమే ఆసామీ. నాలుగు దినాలు బట్ట నా ముంగటికెళ్లే పోయింది. నేను సూడలే. తప్పు నాదే” అన్నాడు కాకా.

నేను గోడ దగ్గరికి పోయాను. గీతలు నలభై ఉన్నాయి. బట్టలో పోగులు లెక్కపెట్టాను. సరిగ్గా ఒక పట్టీ తక్కువ. అప్పుడు గుర్తొచ్చింది. భీము చుట్టేరోజు వీధిలో ఊరేగింపు వినబడితే, ముందే గీత గీసి, పట్టీ చుట్టకుండానే బయటికి ఉరికాను. తిరిగొచ్చి తర్వాతి పట్టీ మొదలుపెట్టాను. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే కాకా పని పోతుంది.

“కాకాది కాదు, నాది. పట్టీ ఒకటి ఎగ్గొట్టిన” అన్నాను.

“లెక్కల మాస్టర్‌వి, నువ్వు గూడనా!” అన్నాడు ఆసామి. కాసేపు తిట్టి, ఇద్దరినీ కొత్త భీము మీదికి తోలాడు.

“నా తప్పు నీ మీద ఎందుకేస్కున్నవ్ కాకా?”

“నీదెందుకు ఏస్కుంట? నీది నీకున్నది. సూడనిది నేను, గది చెప్పిన.”

“మరి గిన్నేండ్ల సంది మంచిగ నేసిన తాన్లు? అవి నీ గొప్ప గాదా?”

“నూలు మంచిదైతే మంచిగస్తయ్.”

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. వంగి సాంచకు నూనె పోస్తున్నాడు. అంత పెద్ద మనిషి పక్కన అంతకుముందెన్నడూ నిలబడలేదనిపించింది.