ఐసక్క చేతులు

మెదడు ఆపరేషన్లు చేసే గదిలో ఐసక్క పని ఒకటే: సెలైన్ సీసాలను మంచుముక్కల్లో పాతి చల్లగా ఉంచడం. సీసాను మణికట్టుకు ఆనించి చూస్తుంది. చల్లదనం చాలదనిపిస్తే మళ్లీ పాతేస్తుంది. "నీ చెయ్యి తగిలితే మార్చురీ గుర్తొస్తోందక్కా" అని నర్సులు ఏడిపిస్తారు. నవ్వుతుంది గానీ చేతులు రుద్దుకోదు. చిన్నప్పుడు ఫిట్స్ ఎంతకీ ఆగని తమ్ముడికి రెండు దుప్పట్లు కప్పి, అరికాళ్లు వేడెక్కేదాకా రుద్దింది తనే. వాడు మళ్లీ లేవలేదు. "అది దుప్పట్ల వల్ల కాదమ్మా" అని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఇంట్లో ఇప్పటికీ దుప్పటి లేదు.

ఇవాళ టేబుల్ మీది కుర్రాడు పుర్రె తెరిచి ఉండగానే, మెలకువతో అంకెలు లెక్కపెడుతున్నాడు. మెదడులో మాట పుట్టే చోటు వెతుకుతూ డాక్టరు సన్నగా కరెంటు తగిలించాడు. పదకొండు దగ్గర వాడి మాట ఆగిపోయి, ఫిట్స్ మొదలై వేళ్లు ఎగరసాగాయి.

"చల్లనీళ్లు!"

ఐసక్క గిన్నెలో పోసింది. డాక్టరు ఆ నీళ్లు మెదడు మీద ధారగా వదిలాడు. ఆ చల్లదనానికి ఫిట్స్ ఆగి, వేళ్లు ఒక్కొక్కటే వాలిపోయాయి.

"ఎందాకా వచ్చానక్కా?" అన్నాడు కుర్రాడు.

"పదకొండు నాన్నా."

"చలేస్తోందక్కా. దుప్పటి కప్పవా?"

ఐసక్క కదల్లేదు. నర్సే తెచ్చి కప్పింది. వాడు పన్నెండు, పదమూడు అంటుంటే, ఐసక్క దుప్పటి అంచు పైకి మడిచి వాడి వేళ్లను చూస్తూ నిలబడింది.